ముసలి జాలరికి టిల్లీ ఇచ్చిన మాట

టిల్లీ రిమ్మర్ తన నీడను చూసి తానే ఉలిక్కిపడే పిల్ల. పదిహేడేళ్ళొచ్చినా కుక్కంటే భయం, మెట్లంటే భయం, ఎవరైనా కుర్చీ గట్టిగా జరిపినా భయమే. అలాంటిది కాలేజీలో ఆరోగ్యం, సంరక్షణ చదువే కావాలని పట్టుబట్టి చేరింది. ఆ చదువులో భాగంగా ప్రతి గురువారం ముసలాళ్ళుండే మా కేర్ హోమ్‌కి పని నేర్చుకోవడానికి వచ్చేది. ఇంగ్లాండులోని ఫ్లీట్‌వుడ్‌లో మా హోమ్ సముద్రం ఒడ్డునే ఉంటుంది. గాలికి కిటికీ కొట్టుకున్నా ఆ పిల్ల ఎగిరిపడేది. "ఈ పిరికిగొడ్డుని నా నెత్తిన రుద్దారేంటండీ?" అని మేనేజరుని నిలదీశాను. నా పేరు డోరీన్. అక్కడ అందరికన్నా పాత కేరర్‌ని, నోరు కాస్త పెద్దది.

అయితే ఆ పిల్ల చేతిలో ఏదో మహిమ ఉంది. మా దగ్గర పెదవి విప్పని ముసలాళ్ళు దాని ముందు గలగలా మాట్లాడేవాళ్ళు. చిన్నప్పటి నుంచి అమ్మమ్మే పెంచిందట. ఆవిడ మంచాన పడ్డాక ఒళ్ళు తుడిచి, తల దువ్వి, అన్నీ ఈ పిల్లే చేసిందట.

"ఇంత భయమున్నదానివి ఈ పనికెందుకొచ్చావే?" అని ఒకసారి అడిగాను.

"అమ్మమ్మకి చేసినప్పుడు భయం వెయ్యలేదు. ఇక్కడా వెయ్యదేమో అనుకున్నా" అంది. పాపం!

మా హోమ్‌లో విల్ఫ్ కార్ట్‌మెల్, ఆయన భార్య ఐవీ పక్కపక్క గదుల్లో ఉండేవాళ్ళు. విల్ఫ్ వయసంతా చేపల పడవల మీద ఐస్‌లాండ్ దాకా తిరిగిన మనిషి. డాక్టర్లని పురుగుల్ని చూసినట్టు చూసేవాడు. భోజనం దగ్గర కూడా నెత్తి మీద టోపీ తీసేవాడు కాదు. గుండె దడకి రక్తం పలచబరిచే మాత్రలు ఇచ్చారు గనక, వాటిని మాత్రం నేను ఎదురుగా నిలబడి మింగించేదాన్ని.

ఆ గురువారం మధ్యాహ్నం అందరూ కింద హాల్లో బింగో అనే అంకెల ఆట ఆడుతుంటే, టిల్లీ విల్ఫ్ గదికి టీ పట్టుకెళ్ళింది. ఆయన కప్పు అందుకోబోతే చెయ్యి పక్కకి పోయి టీ అంతా దుప్పటి పాలైంది. తుడుస్తుంటే టోపీ జారింది. చెవి వెనక నల్లగా కమిలిన బొప్పి కనిపించింది. ఇదంతా తర్వాత టిల్లీ నాకు చెప్పిందే.

"ఇదేంటి విల్ఫ్?"

"ష్! మెల్లగా. ఎవరికీ చెప్పనని మాటిస్తే చెబుతా."

రహస్యం దాచిపెడతానని ఎవరికీ మాటివ్వకూడదు. వాళ్ళ చదువులో నేర్పే మొదటి పాఠం అదే. ప్రాణం మీదికొచ్చే సంగతైతే పైవాళ్ళకి చెప్పి తీరాలి. ఆ పాఠం టిల్లీని నిద్రలో లేపి అడిగినా అప్పజెబుతుంది. కానీ విల్ఫ్ అప్పటికే అరచేతిలో తుపుక్కున ఉమ్మి చెయ్యి చాచాడు. పడవల వాళ్ళ ఒట్టు అది, ఒకసారి వేస్తే తిరుగులేదు. కాదంటే పెద్దాయన నొచ్చుకుంటాడని ఈ పిచ్చిమొహం తనూ ఉమ్మి చెయ్యి కలిపింది. తర్వాత మోచేతుల దాకా సబ్బుతో తోముకుందట, అది వేరే సంగతి.

"నిన్న స్నానాలగదిలో పడ్డా. మొన్న కూడా" అన్నాడు విల్ఫ్. "ఇది తెలిస్తే నన్ను దూరంగా ప్రెస్టన్‌లో నర్సులుండే చోటికి తోసేస్తారు. ఐవీ ఇక్కడే ఉండిపోతుంది. నేను సముద్రం మీదున్నన్నాళ్ళూ అది ఒంటరిగా చచ్చిబతికింది చాలు. మళ్ళీ దానికి ఆ గతి పట్టనివ్వను. తెలిసిందా బంగారం?"

నేను దుప్పట్ల కోసం సామాన్లగదికి వెళ్ళేసరికి, అరల మధ్య ముడుచుకుని ఈ పిల్ల. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఏమైందే? దెయ్యం గానీ కనిపించిందా?"

"డోరీన్... మాటిచ్చి తప్పితే పాపమా?"

"ఎవరికిచ్చావు? ఏం మాట?"

"చెప్పకూడదు. చెబితే ఆయన జన్మలో నా ముఖం చూడడు. చెప్పకపోతే... ఇప్పటికే తలలో మొదలైపోయిందేమో!" అర అంచు గట్టిగా పట్టుకుంది. "నాకు భయంగా ఉంది, చాలా భయంగా ఉంది."

"ఎవరి తల? చెప్పవే తల్లీ!" అని భుజాలు పట్టి కుదిపాను. నన్ను విదిలించుకుని పరుగెత్తింది. నేనూ రొప్పుకుంటూ వెనకాలే వెళ్ళాను.

విల్ఫ్ గది తలుపు పట్టుకుని నిలబడింది.

"విల్ఫ్, మీ వెనకాల చెప్పడం నాకిష్టం లేదు. అందుకే మీ ముందే చెబుతున్నా. మీరు పడ్డారు. తలకి దెబ్బ తగిలింది. డోరీన్, ఈయన పడ్డారు!"

"చెయ్యి కలిపి మాటిచ్చావే దొంగపిల్లా! మా పడవ మీదైతే నిన్ను నీళ్ళలోకి..." తిట్టు సగంలో ఉండగానే నాలుక మడతపడింది. లేవబోయాడు, ఎడమకాలు కదల్లేదు. టిల్లీ ఒక్క గెంతులో వెళ్ళి ఆయన్ని ఒడిసిపట్టుకుంది.

"ఆ మాత్రలు వేసుకునేవాళ్ళకి లోపల నెత్తురు ఆగదు డోరీన్! అంబులెన్స్‌ని పిలవండి!"

ఇన్నేళ్ళ సర్వీసున్న నేను ఆ పిల్ల చెప్పినట్టే ఫోన్ చేశాను. అంబులెన్స్ వాళ్ళొచ్చి మనిషిని బండి మీద పడుకోబెట్టినప్పుడు టిల్లీ దగ్గరికెళ్ళింది. విల్ఫ్ ముఖం తిప్పేసుకున్నాడు. పిల్ల నోట్లో చెయ్యి కుక్కుకుని ఏడ్చింది.

సాయంత్రం ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. తలలో గడ్డకట్టిన నెత్తురు తీసేశారట, ప్రాణానికి భయం లేదట. కాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నారు. కానీ ఇక మా హోమ్‌కి తిరిగి రాడు, నర్సులుండే చోటే కావాలన్నారు. విల్ఫ్ దేనికి భయపడ్డాడో అదే జరిగింది.

"ఐవీకి నేను చెబుతాను" అంది టిల్లీ.

"నీ వల్ల కాదు, ఊరుకో" అన్నాను. వింటేగా!

ఐవీ కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చుని అంతా చెప్పింది. ఒట్టు వేసిన సంగతి, ఒట్టు తప్పిన సంగతి, విల్ఫ్ ఇక పక్కగదిలో ఉండడన్న సంగతి. "నా వల్లే మీరిద్దరూ విడిపోయారు. తిట్టండి, కొట్టండి" అంది.

ఐవీ ఒళ్ళో అల్లిక పక్కన పెట్టి టిల్లీ చెయ్యి పట్టుకుంది.

"మొన్న ఆయన పడ్డప్పుడు లేపింది నేనేనమ్మా. నా చేతా ఒట్టు వేయించుకున్నాడు. బెల్లు నొక్కితే ఆయన్ని తీసుకుపోతారని భయమేసి నోరు మూసుకున్నా." ఆవిడ టిల్లీని దగ్గరికి లాక్కుంది. "నువ్వు లేకపోతే, ఆ ఒట్టు నిలబెట్టుకుంటూ నా మొగుణ్ణి నేనే చంపుకునేదాన్ని."