దగ్గితేనే తెరుచుకునే తలుపు

మైసయ్య మౌస్ కదుపుతూ తెరమీది దుకాణం షట్టర్‌కు తుప్పు రంగు పూస్తున్నాడు. ఒకప్పుడు చార్మినార్ దగ్గర బోర్డులు రాసిన చెయ్యి అది. కంప్యూటర్ అతనికి ఎవరూ నేర్పలేదు. చెడగొట్టుకుంటూ, బాగుచేసుకుంటూ తనే నేర్చుకున్నాడు. 2005లో ఒక చిన్న వీడియోగేముల కంపెనీలో పని దొరికింది. ఆడేవాడు ఇష్టమొచ్చిన చోటల్లా తిరిగే ఆట కోసం తను పెరిగిన యాకుత్‌పురా లాంటి పట్నాన్ని కట్టాడు.

సాయంత్రం ఆ ఆట కొనేవాళ్లు చూడటానికి వస్తారు. వాళ్లకు నచ్చకపోతే కంపెనీ మూతపడుతుంది.

"మైసయ్యగారూ, మీ ఊళ్లో ఒక్క మనిషీ లేడేంటండీ?" అంది పాత్రల మాటలు రాసే సాహిత్య.

"ఆడేటోళ్లు తిరుగనీకి వస్తరు. ముచ్చట్లు పెట్టనీకి వస్తరా?"

"తిరిగి ఎవర్ని చూస్తారు, షట్టర్లనా?"

"నీ మనుషులు నోరు తెరిస్తే ఆడేటోడు పండుకుంటడు, తల్లీ."

మేనేజర్ వంశీధర్ తల పట్టుకున్నాడు. "డిస్కులో చోటు కొంచెమే మిగిలింది. ఇంకో నాలుగు గల్లీలా, మాట్లాడే ఒక్క మనిషా? భోజనాల లోపు తేల్చండి."

గల్లీలే అనుకున్నాడు మైసయ్య. హెడ్‌ఫోన్ పెట్టుకుని, మొదటిసారి తన పట్నంలో ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు. వినపడేది తన అడుగులే. మలుపు తిరిగితే మూసిన షట్టర్లు. ఇంకో మలుపు, మళ్లీ మూసిన తలుపులు. ఈ గల్లీ అతనికి తెలుసు. తొంభైలో, అల్లర్లప్పటి కర్ఫ్యూలో చూశాడు.

అప్పుడతను చిన్నపిల్లాడు. కర్ఫ్యూ కాసేపు సడలిస్తే ఢీల్ ఇచ్చారనేవాళ్లు. ఆ ఢీల్‌లో బాపు పాల కోసం వెళ్లాడు. ఢీల్ ముగిసినా రాలేదు. తలుపు ఎవరైనా కొట్టొచ్చు, కాబట్టి బాపు వస్తే కొట్టకుండా దగ్గాలని అమ్మ మాణిక్యమ్మ ముందే చెప్పింది. బయట అడుగులు ఆగాయి. తలుపు మీద దెబ్బ పడింది. అమ్మ మైసయ్య నోరు గట్టిగా మూసింది. మళ్లీ దెబ్బ. తర్వాత ఏ చప్పుడూ లేదు. ఊపిరి ఆడక అతను గింజుకుంటుంటే, అప్పుడు వినపడింది దగ్గు. కొట్టింది కూడా బాపే. భయంలో ఒప్పందం మరిచిపోయాడు.

మైసయ్య హెడ్‌ఫోన్ తీసేశాడు.

"గల్లీలొద్దు. ఒక్క మనిషిని పెడదాం. తలుపెనక ఉంటది, మొఖం కనవడది. కొడితే తియ్యది. 'కొట్టకు, దగ్గు' అంటది."

"అంతేనా? నేను పేజీలకు పేజీలు రాశానండీ!"

"గంతే, తల్లీ."

సాహిత్య మైకు ముందు కూర్చుంది. "కొట్టకండి, దగ్గండి."

"కర్ఫ్యూల అండి గిండి ఏంది? పక్కింటోనికి గూడ ఇనవడొద్దు."

ఈసారి ఆమె గాలిలాగా పలికింది. మైసయ్య ఆ గొంతును తలుపు వెనక పెట్టి, దగ్గుకు కీబోర్డు మీద ఒక మీట కేటాయించి, అదేదో తెర మూలన రాశాడు.

సాయంత్రం కొనేవాళ్ల తరఫున వచ్చినాయన తెరమీది గల్లీలన్నీ ఆవులిస్తూ తిరిగాడు. వంశీధర్ మొహం పాలిపోయింది. చివరికి ఆయన ఆ తలుపు కొట్టాడు.

"కొట్టకు. దగ్గు."

ఆయన ఉలిక్కిపడి తన వెనక్కి చూశాడు. మళ్లీ కొట్టాడు. తలుపు తెరుచుకోలేదు. మెల్లగా దగ్గు మీట నొక్కాడు. గడియ జరిగింది.

"లోపల ఎవరామె?" ఆయన గొంతు తగ్గింది. "మిగతాది ఎప్పుడు చూపిస్తారు? ఈ డిస్కు నాకివ్వండి."

మైసయ్య డిస్కును చొక్కా అంచుతో తుడిచి, ఆయన చేతిలో పెట్టాడు.