ఒప్పుకున్నవాడికి నెగటివ్ ఎలా వచ్చింది

2023 జూలై. అరబ్బు దేశంలోని రాబిగ్‌లో, రిఫైనరీకి దగ్గర్లో ఉన్న మా యార్డులో నేను సేఫ్టీ కోఆర్డినేటర్‌ని. కాంట్రాక్టు కంపెనీ, నీళ్ల ట్యాంకర్లు, కార్మికులను తిప్పే బస్సులు, పికప్‌లు. పేరు పెద్దదే గానీ పని చిన్నది. ఏ బండి అయినా దేనికైనా తగిలితే, అది ఎందుకు తగిలిందో నేను కాగితం మీద పెట్టాలి. పన్నెండేళ్లుగా అదే చేస్తున్నాను కాబట్టి, ఎందుకు తగిలిందో నాకు తెలుస్తుందని అందరూ అనుకునేవారు. నేనూ అనుకునేవాడిని.

ఆ నెల మా మేనేజర్ గ్రెగ్ నాకొక విచిత్రమైన పని అప్పజెప్పాడు. ఆయనది కెనడా. గంజాయిని చట్టబద్ధం చేసిన చోట్ల రోడ్డు ప్రమాదాలు పెరిగాయా లేదా అన్న విషయం మీద విదేశంలోని మా హెడ్ ఆఫీసు అన్ని సైట్ల నుంచీ నాలుగేసి స్లయిడ్లు అడిగింది.

"ఇక్కడెందుకు సార్? సూట్‌కేసులో గసగసాలు దొరికితేనే లోపలేసే దేశం కదా" అన్నాను.

"అడిగారు, ఇవ్వాలి" అన్నాడు గ్రెగ్.

వారం రోజులు కూర్చుని చదివాను. మొదటి రోజు అర్థమైనంత కూడా చివరి రోజుకు మిగల్లేదు. ఒక రిపోర్టు ప్రమాదాలు పెరిగాయంటుంది. ఇంకొకటి పక్క రాష్ట్రంతో పోల్చి, తేడా ఏమీ లేదంటుంది. మరొకటి, పెరిగింది ప్రమాదాలు కాదు, పరీక్షలు చేయడం అంటుంది. గంజాయికి మందు కూడా తోడైతే సంగతి వేరని ఒకరు, అసలు రెంటినీ విడదీసి చూడలేదని ఒకరు. గ్రెగ్ దగ్గరికి పోతే ఆయన ఇంకో ముడి వేశాడు. మూత్రంలో దొరికే గుర్తు మనిషి ఎప్పుడో ఒకప్పుడు తీసుకున్నాడని మాత్రమే చెబుతుందట. బండి నడిపే నిమిషంలో మత్తులో ఉన్నాడని చెప్పదట. కొందరిలో వారాల తర్వాత కూడా దొరుకుతుందట.

"మరి ప్రమాదానికి అదే కారణమని రాసేదెవరు సార్?"

"నీలాంటివాడే ఎవడో ఒకడు" అన్నాడు గ్రెగ్. ఇద్దరం నవ్వుకున్నాం.

ఆ తర్వాతి సోమవారం పొద్దున తొమ్మిదింటికి మల్లేశం ట్యాంకర్ గుద్దుకుంది. మల్లేశంది జగిత్యాల వైపు. మా దగ్గర నాలుగేళ్లుగా నీళ్ల ట్యాంకర్ నడుపుతున్నాడు, బండి మీద ఒక్క గీత పడనివ్వలేదు. సర్వీసు రోడ్డు మీద తిన్నగా పోతున్న ట్యాంకర్ మెల్లగా కుడికి జరిగి, గార్డు రెయిలును రాసుకుంటూ పోయి, బోర్డు స్తంభాన్ని గుద్ది ఆగింది. ఆ స్తంభానికి పది అడుగుల అవతల నలుగురు నేపాలీ కార్మికులు బస్సు కోసం నిలబడి ఉన్నారు. ఎవరికీ ఏమీ కాలేదు. మా బండ్లలో ఐవీఎంఎస్ అని ఒక పెట్టె బిగించి ఉంటుంది. వేగం, బ్రేకులు అన్నీ గుర్తుపెట్టుకుంటుంది. తీసి చూస్తే వేగం నలభై దాటలేదు, బ్రేకు మాత్రం వేయనే లేదు.

డ్రైవర్ వాంగ్మూలం తీసుకొచ్చింది సూపర్‌వైజర్ రియాజ్ ఖాన్. పెషావర్ మనిషి, మాట కరుకు. ఇంగ్లీషులో రెండే వాక్యాలు రాశాడు, డ్యూటీకి ముందు డ్రైవర్ గంజాయి తాగాడని. నేను కాగితం వైపు, ఆయన వైపు మార్చి మార్చి చూశాను.

"ఖుద్ బోలా, బాషా భాయ్. గంజా పియా బోలా. ఏక్ బార్ నహీ, దో బార్" అన్నాడు రియాజ్ ఖాన్. వాడే చెప్పాడట, అదీ ఒకసారి కాదు, రెండుసార్లు.

ఇన్సిడెంట్ రిపోర్టులో కాజ్ కోడ్ అనే గడి ఉంటుంది. ప్రమాదానికి మూలకారణం ఏమిటో అక్కడ ఒక్కటే ఎంచుకోవాలి: అతివేగం, ఫోను, అలసట, మత్తుపదార్థం, బండి లోపం, ఇతరములు. నేను మత్తుపదార్థం నొక్కి ఆన్‌లైన్‌లో పంపేశాను. మల్లేశం ముఖం చూడకుండానే పంపాను. వారం రోజులుగా బుర్ర నిండా గంజాయే ఉంది మరి. నిజం చెప్పాలంటే కొంచెం సంతోషం కూడా వేసింది. నా స్లయిడ్లకు మా యార్డు నుంచే ఒక ఉదాహరణ దొరికిందని. ఆ సంతోషం గుర్తొస్తే ఇప్పటికీ తలెత్తుకోబుద్ధి కాదు.

రిపోర్టు కాపీ మందూబ్ బల్ల మీదికి వెళ్లింది. మందూబ్ అంటే కంపెనీ తరఫున సర్కారు ఆఫీసుల చుట్టూ తిరిగే మనిషి. మధ్యాహ్నం జుహర్ నమాజు అయ్యాక ఆయన కాగితాలు పట్టుకుని పోలీసుల దగ్గరికి బయలుదేరతాడు. ఆ గడప దాటితే ఇక మా చేతుల్లో ఏమీ ఉండదు. మల్లేశానికి జైలు, ఆ తర్వాత ఖరూజ్, అంటే మళ్లీ ఈ దేశంలో అడుగు పెట్టకుండా పంపేయడం.

పదకొండున్నరకు కంపెనీ క్లినిక్ నుంచి ఫోను. మల్లేశం మూత్ర పరీక్ష నెగటివ్.

నాకు దిక్కు తోచలేదు. చదివిందంతా తిరగేసుకున్నాను. తాగనివాడికి పాజిటివ్ ఎలా వస్తుందో, ఎప్పుడో తాగినవాడికి ఎందుకు వస్తుందో ఎంతో రాశారు గానీ, తాగానని రెండుసార్లు ఒప్పుకున్నవాడికి నెగటివ్ ఎలా వస్తుందో ఒక్కరూ రాయలేదు. రియాజ్ ఖాన్‌ను అడిగితే కిట్ పాతదై ఉంటుందన్నాడు. గ్రెగ్‌ను అడిగితే, అప్పుడే తాగి ఉంటే మూత్రంలోకి ఇంకా దిగి ఉండకపోవచ్చు అన్నాడు. రెండూ నిజం కావచ్చనే అనిపించింది. అనుమానం మాత్రం పోలేదు. లేచి క్లినిక్‌కు నడిచాను. ఆ పని పొద్దున్నే చేయాల్సింది.

మల్లేశం బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ముఖం పీక్కుపోయింది, పెదాలు పొడిబారాయి. నన్ను చూసి లేవబోయి మళ్లీ కూలబడ్డాడు.

"మల్లేశం, పొద్దున ఏమి తాగినావబ్బా? నాకు నిజం చెప్పు" అన్నాను.

"గంజి సార్."

"ఏమీ?"

"గంజి. రెండొద్దుల సంది మోషన్లు అయితున్నయ్. అన్నం తింటే ఆగుతలేదు. రూముల పొద్దుగాల అన్నం వండిండ్రు, గంజుల గంజి ఉండె. ఉప్పేసుకొని తాగిన. గదే చెప్పిన ఆ సాబ్‌కు."

"ఆయనకి ఏమని చెప్పినావు?"

"హిందీలనే చెప్పిన సార్. గంజ్ మే గంజీ థా, వో పియా అన్న. ఏమన్న తప్పు చెప్పిన్నా?"

జగిత్యాల వైపు వంటగిన్నెను గంజు అంటారు. మల్లేశం గిన్నె పేరు ఒకసారి, గంజి పేరు ఒకసారి చెప్పాడు. పెషావర్ చెవికి గంజాయి రెండుసార్లు వినబడింది. మన భాషలోనూ వాళ్ల భాషలోనూ గంజినీ తాగుతారు, గంజాయినీ తాగుతారు, క్రియాపదం కూడా ఎవరినీ కాపాడలేదు. నాకు నవ్వొచ్చింది. గోడ మీద గడియారం అప్పటికే పన్నెండు దాటింది.

"బండి ఎందుకు పక్కకి పోయింది? నిద్ర పట్టిందా?"

"నిద్ర పట్టిందో, కండ్లు తిరిగినయో, ఎరుకలేదు సార్. స్తంభం కనబడ్డంకనే తెలివొచ్చింది."

"బాగలేదని రియాజ్ ఖాన్‌కి చెప్పలేదా?"

"చెప్పిన. ఒక్క ట్రిప్ కొట్టిరా, ఎన్క పండుకో అన్నడు. ఇంకో డ్రైవర్ లేకుండె."

నమాజు ముగించుకుని మందూబ్ కారు స్టార్ట్ చేస్తుండగా పట్టుకున్నాను. నా వయసుకు ఆ ఎండలో అలా పరుగెత్తకూడదు. మా ఫైలు వెనక్కి తీసుకున్నాను, ఆయన విసుక్కున్నాడు. తర్వాత రియాజ్ ఖాన్‌కు విషయం చెప్పాను.

"గంజీ? వో క్యా చీజ్ హై?"

"చావల్ కా పానీ, ఖాన్ సాబ్. బీమార్ ఆద్మీ పీతా హై."

అన్నం వండిన నీళ్లని, ఒంట్లో బాగాలేనివాళ్లు తాగుతారని విన్నాక ఆయన ఫైలు తన వైపు లాక్కున్నాడు. పొద్దున రాసిన వాంగ్మూలం చించేసి కొత్త కాగితం తీసుకున్నాడు. జబ్బు చేసిందని డ్రైవర్ చెప్పినా తానే బండి ఎక్కించానని అందులో రాసి సంతకం పెట్టాడు. నేను అడగలేదు. ఆ పూట నుంచి నాకు ఆయన మీద గౌరవం.

పోలీసులకు కొత్త రిపోర్టు వెళ్లింది, మల్లేశం ఉద్యోగం నిలబడింది. నేను ఆన్‌లైన్‌లో నొక్కిన గడి మాత్రం వెనక్కి రాలేదు. ఒకసారి పంపిన కాజ్ కోడ్‌ను మార్చే అధికారం హెడ్ ఆఫీసుదే. జరిగినదంతా వివరంగా మెయిల్ రాశాను. "నోటెడ్" అని ఒక్క ముక్క జవాబు వచ్చింది.

పది రోజుల తర్వాత వీడియో మీటింగు. నా నాలుగు స్లయిడ్లు అయ్యాక, సిస్టమ్ దానంతటదే తయారుచేసిన ఐదో స్లయిడ్ తెర మీదికి వచ్చింది. ఈ ఏడాది రాబిగ్ సైటులో మత్తుపదార్థం కారణంగా జరిగిన ప్రమాదాలు: ఒకటి. లేచి నిలబడ్డాను. "ఆ ఒకటి గంజి" అని చెప్పాను. గంజి అంటే ఏమిటో చెప్పాను. తప్పు నొక్కింది నేనేనని కూడా చెప్పాను. ఆ తర్వాత హెడ్ ఆఫీసు నుంచి ఒకాయన మర్యాదగానే అడిగాడు, "మరి దాన్ని ఏ కోడ్ కింద వేయమంటారు?"

ఆ ప్రమాదం జరిగింది గంజి తాగినందుకు కాదు, జబ్బు మనిషిని బండి ఎక్కించినందుకు. దానికి మా ఫారంలో గడి లేదు. అలసట అనాలో ఇతరములు అనాలో గ్రెగ్‌కూ తేలలేదు. స్లయిడ్‌లోని ఆ ఒకటి ఎప్పటికైనా సున్నా అయిందో లేదో ఈ రోజుకీ నాకు తెలియదు.

గంజాయి మంచిదని నేను అనను. తల తిరుగుతున్నవాడు నడిపే బండి నా మీదికి రాకూడదనే నాకూ ఉంటుంది. అయినా చట్టబద్ధం చేస్తే ప్రమాదాలు పెరుగుతాయా అని ఎవరైనా అడిగితే, తెలియదనే చెబుతాను. ఆ రిపోర్టుల్లోని అంకెలు చదివేటప్పుడు, ఒక్కొక్క దాని వెనక నాలాంటివాడు ఒకడు తొందరలో గడి నొక్కుతూ కనబడతాడు.

ఆ తర్వాత డ్యూటీకి ముందు డ్రైవర్ల ఆరోగ్యం అడిగి రాసుకునే ఫారం ఒకటి నేనే పెట్టించాను. మూడు నెలల తర్వాత ఒక పొద్దున మల్లేశం నా బల్ల ముందు నిలబడ్డాడు. కళ్లు మళ్లీ లోపలికి పోయి ఉన్నాయి.

"ఒంట్లో ఎట్లుంది?"

"మంచిగున్న సార్."

"పొద్దున ఏమన్నా తిన్నావా, తాగినావా?"

నా చేతిలోని పెన్ను వైపు చూశాడు. "ఏం తాగలే సార్. నీళ్లు గూడ తాగలే."

ట్యాంకర్ తాళం ఆ రోజు అతనికి ఇవ్వలేదు. నా నీళ్ల సీసా అతని ముందుకు జరిపాను. నేను పెన్నుకు మూత పెట్టి జేబులో పెట్టుకునేదాకా అతను సీసాను ముట్టుకోలేదు.