టెంటుకు పర్మిషన్ అడిగిన మనిషి

మా వరంగల్‌లో గల్లీకి అడ్డంగా టెంటు వేయడానికి కావలసినవి ఇనుప గొట్టాలు, రంగుల గుడ్డ, తాళ్లు, ఆ తాళ్లు కట్టడానికి ఎవరిదో ఒకరి గేటు. పెళ్లయినా, పుట్టు వెంట్రుకలైనా, దినమైనా, తెల్లారేసరికి రోడ్డు మధ్యలో గుడ్డ పందిరి మొలుస్తుంది. బండి మీద వచ్చినవాడు దాన్ని చూసి, ఒక కాలు నేల మీద పెట్టి, లోపల ఏం కూర ఉడుకుతోందో వాసన పట్టి, బండి తిప్పుకుని పక్క గల్లీలోంచి పోతాడు. తిట్టడు. రేపు అతని టెంటు దగ్గర మనమూ బండి తిప్పుకోవాలి కదా.

తాతల కాలం నుంచి సాఫీగా నడుస్తున్న ఈ ఏర్పాటులోకి పర్మిషన్ అనే మాటను తెచ్చిన ఘనత నాది.

మొదలైంది మా కాలనీ మీటింగులో. ఆ రోజు టీ ఆలస్యమైంది. టీ వచ్చేదాకా ఎవరైనా నాలుగు మాటలు చెప్పండి అన్నారు. నేను జూనియర్ కాలేజీలో సివిక్స్ చెప్పేవాణ్ణి. మైకు చూస్తే నాకు చేపను చూసిన పిల్లిలా ఉంటుంది. లేచి, రోడ్డు మన జాగీరు కాదు అని మొదలుపెట్టాను. అంబులెన్సును, ఫైరింజన్‌ను, రాజ్యాంగాన్ని ఒకే వాక్యంలో నడిపించాను. ఇకముందు టెంటు వేసేవాడెవడైనా అధికారుల అనుమతి తీసుకుని తీరాలన్నాను. నా గొంతుకు ఖాజీపేట స్టేషన్‌లో రైలు కదలకుండా ఆగిపోయి ఉండాలి. చప్పట్లు మోగాయి. అవి టీ వచ్చినందుకని మా ఆవిడ అంటుంది. నేను ఒప్పుకోను.

బయటికి వస్తుంటే ఎదురింటి పెద్దాయన భుజం తట్టాడు. కరెంటు ఆఫీసులో చేసి రిటైరైన మనిషి. మా గల్లీ ఎంత సన్నదంటే, ఆయన పొద్దున అరుగు మీద కూర్చుని పేపరు పేజీ తిప్పితే మా గోడ మీది క్యాలెండరు రెపరెపలాడుతుంది.

"మంచిగ జెప్పినవ్ సారూ. మీ ఇంట్ల ఫంక్షన్ గూడ వస్తది గద. సూస్తం" అన్నాడు.

వచ్చింది. మా అమ్మాయికి ఎండాకాలం మధ్యలో ఆడపిల్ల పుట్టింది. మొదటి కాన్పు పుట్టింట్లోనే కాబట్టి ఇరవై ఒకటో నాడు బిడ్డను తొట్టెలలో వేయడం మా ఇంట్లోనే. తొర్రూరు నుంచి వియ్యపురాలు ఫోన్ చేసి, "ఎక్కువ మందిమి రాము అన్నా, ఇంటోళ్లమే" అంది. వాళ్ల ఇంటివాళ్లంటే పత్తి సీజనులో తొర్రూరు మార్కెట్టే. మా హాల్లో నలుగురు కూర్చుంటే ఐదోవాడు ఫ్రిజ్ ఎక్కాలి. ఫంక్షన్ హాళ్లేమో పెళ్లి ముహూర్తాలకు ఎప్పుడో నిండిపోయాయి. మాకున్న దిక్కల్లా గల్లీ.

అమ్మాయి బిడ్డను ఒళ్లో వేసుకుని నన్ను పిలిచింది.

"బాపూ, ఒక్కటే మాట. మా అత్తమ్మను ఎండల కూసోవెట్టకు. ఆమె చెల్లె బిడ్డ పెండ్లిల ఎండల కూసోవెట్టిన్రని ఇయ్యాల్టి దాంక జెప్తది. ఆ పెండ్లయి, పుట్టిన పిల్లలు బడికి గూడ పోతాండ్రు. నేను ఆ ఇంట్లనే బతకాలె."

"టెంటు వేస్తాను బిడ్డా. బ్రహ్మాండమైన టెంటు."

వంటింట్లోంచి మా ఆవిడ తొంగి చూసింది. "ఆగు ఆగు. మీటింగుల ఏం జెప్పినవ్? పర్మిషన్ అన్నవ్ గద. ఎదురింటన్న పేపరు చదువుతలేడు, నీ గేటు చదువుతాండు. పో, తెచ్చుకో."

మునిసిపల్ ఆఫీసుకు పోయాను. కౌంటరులో ఒక మేడమ్ ఉంది. నా ముందు జనం మేడారం జాతరకు బస్సెక్కేవాళ్లలా ఉన్నారు. నా వంతు వచ్చేసరికి నా గడ్డం కొంచెం పెరిగింది కూడా.

"దేనికి సార్?"

"టెంటుకమ్మా."

"టెంట్ హౌస్ పెడ్తాన్రా? అయితే ట్రేడ్ లైసెన్స్."

"కాదు, మా ఇంటి ముందు గల్లీలో టెంటు వేసుకోవాలి."

"ఏస్కోండ్రి."

"పర్మిషన్ కావాలి."

ఆమె కళ్లద్దాలు తీసి, చీర కొంగుతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చూసింది. నేను మారలేదు. పక్క టేబుల్ వైపు తిరిగి, "అన్నా, జర ఇటు రా. సారు టెంటుకు పర్మిషన్ అడుగుతాండు" అంది. ఆయన వచ్చాడు. ఆయన వెనక ఇంకొకాయన. కాసేపట్లో జనన మరణాల సెక్షన్ నుంచి కూడా నన్ను చూడటానికి వచ్చారు. ఒకాయన జ్వరమేమోనని నా నుదుటి మీద చెయ్యి వేయబోయి మర్యాదకు ఆగాడు.

కంప్యూటర్‌లో వెతికారు. నల్లాకు ఉంది, కుక్కకు ఉంది, సెల్ టవర్‌కు ఉంది, గోడకు ఉంది, గోడ మీద బోర్డుకు ఉంది. టెంటుకు లేదు.

"హోర్డింగ్ కింద ఎక్కిద్దామా? అది గూడ గాలిల ఉండే గుడ్డనే గద" అన్నాడు పక్క టేబులాయన.

"హోర్డింగ్ అంటే మీద ఏమన్న రాసి ఉండాలె" అంది మేడమ్.

ఇలా చాలాసేపు ధర్మశాస్త్ర చర్చ నడిచాక, రోడ్డు ఆగుతుంది కాబట్టి ట్రాఫిక్ పోలీసులను అడగమని తేల్చారు. మేడమ్ జాలిగా చూసి, "సార్, గిది ఎవ్వలు జెప్పిన్రు మీకు?" అని అడిగింది. నేనే చెప్పానని ఎలా చెప్పను.

పోలీస్ స్టేషన్‌లో ఎస్సై కుర్రాడే. గోడ పక్కన బుల్లెట్ బండ్ల నుంచి ఊడదీసిన సైలెన్సర్లు ఫిరంగుల్లా పేర్చి ఉన్నాయి. నా దరఖాస్తును మొదటి నుంచి చివరికి, చివరి నుంచి మొదటికి చదివాడు. టెంట్ హౌస్ ఏదని అడిగాడు. చట్టానికి కట్టుబడినవాణ్ణి కదా, చెప్పాను. రాసుకున్నాడు. కలం పక్కన పెట్టి తల పట్టుకున్నాడు.

"సార్, మీరెందుకు అడిగిన్రు?"

"అడగాలి కదండీ."

"మీరు అడగకుంట ఏస్తే నాకు తెల్వదు. తెల్వనిదానికి నేను జవాబుదారు కాదు. ఇప్పుడు రాసిచ్చిన్రు, నాకు తెల్సింది. సరే అని సంతకం పెడ్తే, రేపు ఏదన్న అయితే నా సంతకం. వద్దంటే, మీరు ఎయ్యకుంట నేనొచ్చి సూడాలె. ఊళ్లె ఇయ్యాల్ల ఎన్ని టెంట్లున్నయో నాకే తెల్వదు సార్. తెల్సిన టెంటు మీదొక్కటే."

ఆ మాట ఎంత బాధగా అన్నాడంటే, ఆయనకు టీ నేనే తెప్పిద్దామనుకున్నాను.

"మరి ఏం చేద్దాం?"

"పైకి పంపుత. జవాబు వచ్చేదాంక ఎయ్యకుండ్రి."

"ఫంక్షన్ ఎల్లుండి."

"జవాబు వస్తది సార్" అన్నాడు. ఎప్పుడన్నది ఆయన అనలేదు, నేను అడగలేదు. అప్పటికే చాలా అడిగేశాను.

జవాబు వచ్చేలోపు గొట్టాలైనా దించి పెట్టమన్నాను కాబట్టి, మర్నాడు పొద్దున టెంట్ హౌస్ అతను ట్రాలీ ఆటోలో వాటిని తెచ్చాడు. నేను గేటు దగ్గర చేతులు కట్టుకుని సేనాధిపతిలా నిలబడ్డాను. సగం గొట్టాలు దించాక అతని ఫోన్ మోగింది. విన్నాడు, నన్ను చూశాడు, మళ్లీ విన్నాడు. ఫోన్ పెట్టేసి దించిన గొట్టాలను తిరిగి ఎక్కించడం మొదలుపెట్టాడు.

"ఏమైంది?"

"స్టేషన్ కెంచి ఫోన్. నా పేరు రాసిచ్చిన్రట గద."

"అది పద్ధతి ప్రకారం..."

"సార్, చిన్నప్పటి సంది టెంట్లేస్తాన్న. పెండ్లిల్లకేసిన, సావులకేసిన, ఇద్దరు లీడర్లు ఒక్కతాన మీటింగు పెడ్తే ఇద్దరికీ ఏసిన. టెంటు ఎవలిదని ఒక్కడు అడగలే. టెంటుకు తండ్రి పేరు ఉండది సార్. మీరు పెట్టిన్రు."

ట్రాలీ వెళ్లిపోయింది. ఇంకో టెంట్ హౌస్‌కు ఫోన్ చేశాను. "మీరు పర్మిషన్ సారేనా?" అని అడిగి పెట్టేశారు. హన్మకొండ దాకా చేశాను. నా కీర్తి నాకంటే ముందే చేరింది. అదే సమయంలో పక్క గల్లీలో ఎవరో కొత్త కారుకు పూజ చేస్తూ, కారుకు ఎండ తగలకుండా ఒక టెంటు వేశారు. దాని కింద మా వియ్యపురాలు, ఆమె బంధువులు, వాళ్లెక్కి వచ్చే బస్సుతో సహా పట్టేవాళ్లు.

లోపలికి వస్తే అమ్మాయి బిడ్డను జోకొడుతోంది. తల ఎత్తకుండానే అడిగింది.

"బాపూ, నీ స్పీచ్ మా అత్తమ్మకు నీడ ఇస్తదా?"

చెప్పులేసుకుని బయటికి వచ్చి గల్లీ దాటాను. నా జన్మలో అంత పొడుగు ప్రయాణం ఇంకోటి చేయలేదు. ఎదురింటాయన అరుగు మీద పేపరు దించాడు. ఆయన ముఖం చూస్తే, ఈ నిమిషం కోసమే రిటైరైనట్టు ఉంది.

"కూసో సారూ. టెంటు వాపసు పోయినట్టున్నది."

"పోయిందన్నా."

"గింతకు నీ తప్పేంది? నువ్వు అడిగినవ్. నేను అడగలే. గదే తేడ." ఫోన్ తీసి అదే టెంట్ హౌస్ అతనికి చేశాడు. "ఆ, నేనే. రేపు మా ఇంటి ముంగట పెద్ద టెంటు ఎయ్యాలె. కూలర్లు గూడ. ఎదురింటిది కాదు, నాది. నాదని జెప్తాన్న గద."

"అన్నా, మీ ఇంట్లో ఫంక్షన్ ఏం లేదు కదా. ఎవరైనా ఎందుకని అడిగితే?"

"టెంటు ఎందుకని అడిగెటోడు ఈ ఊళ్లె నువ్వొక్కడివే." పేపరు మడిచాడు. "ఒక్క షరతు. వచ్చే మీటింగుల నేను మాట్లాడ్త. నువ్వు ముందల కూసోని చప్పట్లు కొట్టాలె. టీ రాకముందే."

మర్నాడు తెల్లారేసరికి టెంటు మొలిచింది. ఒక వైపు తాళ్లు ఆయన గేటుకు, రెండో వైపు తాళ్లు మా గేటుకు. టెంటు ఆయనది, నీడ మాది. తొర్రూరు మార్కెట్ రెండు బస్సుల్లో దిగింది. మా ఆవిడ వియ్యపురాలిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి సరిగ్గా టెంటు నడిమధ్యలో, పెద్ద కూలరు ఎదురుగా కూర్చోబెట్టింది. ఆ కూలరు గాలికి ఆమె జడలో మల్లెపూలు వెనక వరుసలో ఉన్నవాళ్ల విస్తళ్లలో పడుతున్నాయి. ఆమె ముఖంలో చల్లదనం చూసి అమ్మాయి నావైపు తిరిగి చిన్నగా నవ్వింది. అప్పుడే తొట్టెలకు పాట ఎత్తుకున్నారు.

అప్పుడే గల్లీ మొదట్లో పోలీసు బండి ఆగింది.

కానిస్టేబుల్ దిగాడు. చేతిలో నా దరఖాస్తు. నా చేతిరాత దూరం నుంచే గుర్తుపట్టాను. పాట సన్నగిల్లింది. అమ్మాయి నవ్వు పోయింది. వియ్యపురాలు మెడ సాచి చూస్తోంది.

"సార్, టెంటు మీదేనా?" అన్నాడు కానిస్టేబుల్.

గల్లీ అవతలి వైపు నుంచి చక్కగా ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాలో ఎదురింటాయన వచ్చాడు.

"నాది."

"మీరు పర్మిషన్ అడిగిన్రా?"

"అడగలే."

కానిస్టేబుల్ ముఖం వికసించింది. భుజాల మీద నుంచి బస్తా దించినట్టు ఊపిరి వదిలాడు. "అడగలే గద. అయితే మాకు సంబంధం లేదు." నావైపు తిరిగాడు. "మీరేమో టెంటు ఎయ్యలే."

"వేయలేదు."

దరఖాస్తు తిరగేసి, మా గేటుకు ఆనించి రాశాడు: స్థలానికి వెళ్లి చూడగా దరఖాస్తుదారుడు ఎలాంటి టెంటు వేయలేదు. నాతో సంతకం పెట్టించాడు. జేబులో పెట్టుకుని, గాలి పీల్చి, నెమ్మదిగా అడిగాడు.

"కూర ఎవలిది?"

"కూర నాదే."

"దానికి పర్మిషన్ అడగలే గద?"

"లేదు లేదు."

"అయితే పెట్టుండ్రి జర" అని వియ్యపురాలి వరుసలోనే కూర్చున్నాడు. మొదటి ముద్ద కలుపుతుండగా ఆమె వంగి పక్కావిడ చెవిలో చెప్పడం నాకు స్పష్టంగా వినబడింది, ఎందుకంటే ఆమె చెవిలో చెబితే పక్క గల్లీ దాకా వినబడుతుంది.

"సూసినవా వదినా, మా వియ్యంకుని పలుకుబడి. నా మనుమరాలి తొట్టెలకు పోలీసు బందోబస్తు పెట్టిచ్చిండు."

అమ్మాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పరుగెత్తింది. చాలాసేపు బయటికి రాలేదు. ఇప్పటికీ తొర్రూరులో ఏ ఫంక్షన్‌కు పోయినా వియ్యపురాలు ఈ బందోబస్తు గురించే చెబుతుందట. మొన్నటికి అందులో పోలీసులు ముగ్గురయ్యారు. చెల్లెలి బిడ్డ పెళ్లిలో ఎండ మాట ఎత్తడం మానేసిందట.

తర్వాతి కాలనీ మీటింగులో నేను ముందు వరుసలో కూర్చున్నాను. టీ ఇంకా రాలేదు. ఎదురింటాయన మైకు పట్టుకున్నాడు.

"అందరు టెంట్లేస్తాండ్రు. ఎవ్వలన్న పర్మిషన్ అడుగుతాండ్రా? మన సారును సూడుండ్రి. ఇంట్ల మనుమరాలి ఫంక్షన్. ఆఫీసుకు పోయిండు, స్టేషన్‌కు పోయిండు, అడిగిండు. జవాబు రాలే. జవాబు రాలేదని సారు టెంటే ఎయ్యలే. పోలీసోల్లు గూడ రాస్కపోయిన్రు. మనిషంటే గట్లుండాలె."

కాలనీ మొత్తం నావైపు తిరిగింది. వాళ్లంతా ఆ టెంటు కింద కూర్చుని రెండోసారి కూర వేయించుకున్నవాళ్లే. ఒక్కడి ముఖంలోనూ ఏమీ కనబడలేదు.

నేను చప్పట్లు కొట్టాను.