నాలుగు డబ్బాలూ ఒకటైన రోజు

నా పాత కారుకో బోల్టు కావాలని వచ్చాను. షెడ్డు బయట ఉండగానే ఆ చప్పుడు వినిపించింది. ఇనుము ఏడ్చినట్టు, పళ్లు జివ్వుమనేలా సాగిన సన్నటి కీచు. ఆగింది. మళ్లీ సాగింది. వెంటనే లోపలిగదిలోంచి ఒక గొంతు.

“ఆపు బావా! దిగనని మొత్తుకుంటోంది, వినపడట్లేదా?”

గొంతు వెనకే మనిషి వచ్చింది. కంటి ఆపరేషన్ తర్వాత ఇచ్చిన నల్లద్దాలు, మడతపెట్టిన చొక్కా చేతులు, మోచేతుల దాకా నూనె. వీధంతా ఆమెను మరల పిన్ని అంటుంది. బోల్టు ఒంటి చుట్టూ మెట్లలా తిరిగే గాడే మర. పాత బ్రిటిష్ బండ్ల బోల్టు ఏదైనా చేతికిస్తే, మర మీద ఒకసారి బొటనవేలి గోరు గీసి దాని కొలత చెప్పేస్తుంది. వాళ్ల నాన్న నేర్పిన పని అది. నేర్పడంలో ఆయన గారాబమేమీ చూపలేదట. తప్పు చెబితే ఆ బోల్టును జేబులో వేసుకుని రోజంతా తిరగాలి. చిన్నప్పుడు ఆమె గౌను జేబులన్నీ చిరుగులే.

ఆ బండ్ల తీరే అంత. కొలతలు మారుతున్న కాలంలో పుట్టినవి. పాతదాన్ని వదలలేదు, కొత్తదాన్ని పూర్తిగా ఒప్పుకోలేదు. ఇంజనుకి ఒక మర, గేరుబాక్సుకి ఒకటి, తలుపులకి ఇంకొకటి. అందుకే పిన్ని దగ్గర ఒక్కో రకం మరకి ఒకటి చొప్పున నాలుగు డబ్బాలుండేవి. విట్‌వర్త్, బీఎస్ఎఫ్, యూనిఫైడ్, మెట్రిక్. పాడైన బండ్ల నుంచి ఒక్కొక్కటే ఊడదీసి, కడిగి, గోరుతో చూసి వేరుచేసుకున్నవి. ఆమె యవ్వనం చాలావరకు ఆ డబ్బాల్లోనే ఉంది.

ఆమె ఆసుపత్రిలో ఉండగా బావ ఆ నాలుగింటినీ కలిపేసి, ఒకే పెద్ద డబ్బాలో లావును బట్టి సర్దాడు.

“నీ కళ్లకి శ్రమ తప్పుతుందని చేశానే,” అన్నాడు బావ. పిన్ని అక్క మొగుడు. మంచి వెల్డరు, ఇంకా మంచి మనిషి. “లావువన్నీ ఒకచోట, సన్నవన్నీ ఒకచోట. ఎంత ముచ్చటగా ఉందో చూడు.”

“ముచ్చటకేం. లావు చూసి జతకలిపి ఊరందరి చేతా కాపురాలు పెట్టించావు.”

ఏడుస్తున్న బోల్టును వెనక్కి తిప్పి బయటికి తీసింది. “రంధ్రంలో అంగుళానికి పన్నెండు చుట్లు. దీనికి పదమూడు. అందుకే అరిచింది. దీనికి నోరన్నా ఉంది. నోరెత్తకుండా దిగినవి ఎక్కడ బిగించావు?”

“మిగతావన్నీ వెన్నలా దిగాయి. స్టీరింగ్ బాక్సు పొద్దున్నే అయిపోయింది.”

డాక్టరు వంగొద్దన్న మనిషి వ్యాను కిందికి దూరింది.

ఆ వ్యాను అక్కది. మధ్యాహ్నం షిఫ్టుకి పనివాళ్లను కొండ మీది క్వారీకి తీసుకెళ్లి, దిగేవాళ్లను తీసుకురావాలి. ఈసారి బండి రాకపోతే ఆ పని వేరేవాళ్లకి ఇచ్చేస్తామని మేనేజరు తేల్చి చెప్పాడు. తాళంచెవి వేలికి తిప్పుకుంటూ అక్క అప్పుడే లోపలికొచ్చింది.

“అయిందా?”

“ఎక్కడయింది! ఇటు చూడు.” స్టీరింగ్ బాక్సు నుంచి తీసిన బోల్టును పిన్ని వెలుగులో పట్టుకుంది. గాడి అంచున సన్నటి మెరుపు. లోపలంతా మసక. “రంధ్రం విట్‌వర్త్, బోల్టు యూనిఫైడ్. చుట్ల లెక్క ఒకటే, గాడి వాలు వేరు. ఆనింది ఈ మెరిసినచోటే. కొండ దిగే కుదుపుకి ఈ గీత ఎంతసేపు ఆగుతుంది?”

“మరి సరైనవి వెయ్యి.”

“ఎక్కడున్నాయి? నీ మొగుడు పెట్టించిన కాపురాల్లో వెతుక్కోవాలి.”

డబ్బా నేలమీద బోర్లించారు. ముగ్గురూ చుట్టూ కూర్చున్నారు. పిన్ని గోరుతో గీసి, అనుమానమొస్తే దువ్వెన పళ్లలాంటి గేజి ఆనించి, పళ్లకీ గాడికీ మధ్య వెలుతురు దూరుతోందేమో చూసి, పక్కకి విసురుతోంది. నల్లద్దాల కింద నీళ్లు కారుతున్నాయి. తుడుచుకుంటే చెంపమీద నూనె చార పడింది. కావలసినవి నాలుగు, దొరికినవి మూడు. నాలుగోది ఎంత వెతికినా లేదు. షిఫ్టు వేళ దగ్గరపడింది.

“మూడు చాలు,” అంది అక్క. “నాలుగోదాంట్లో ఆయన పొద్దున బిగించిందే పెట్టు. సాయంత్రం మారుద్దాం.”

“పెట్టను.”

“బండి నాది.”

“బండి నీదే. వెనక కూర్చునేవాళ్లు కూడా నీ సొత్తేనా?”

“నీతులు బాగానే చెబుతావు. రేపట్నుంచి నా ఇల్లు నువ్వు నడుపుతావా?”

దొరికిన మూడింటినీ పిన్ని చొక్కా జేబులో వేసుకుని గుండీ పెట్టుకుంది.

“పోనీ, నేను మెల్లిగా నడుపుతా...” అన్నాడు బావ.

“నువ్వు మాట్లాడకు!” అక్కాచెల్లెళ్లిద్దరూ ఒక్కసారే అరిచారు.

అక్క క్వారీకి ఫోన్ చేసింది. “రావట్లేదు,” అంది. అవతలివాళ్లు ఏదో అన్నారు. “సరే, ఇచ్చెయ్యండి,” అంది. తాళంచెవి బల్లమీదికి గిరాటేసి, ఎవరివైపూ చూడకుండా వెళ్లిపోయింది. ఆమె పోయిన గుమ్మంలో ఎండ మాత్రం మిగిలింది.

బావ ఖాళీ డబ్బాలు నాలుగూ వెతికి తెచ్చి పిన్ని ముందు వరసగా పెట్టాడు.

“అవతల పెట్టు. కాళ్లకి తగులుతున్నాయి,” అందామె తలెత్తకుండా.

కాస్త జరిపాడు. అక్క వెళ్లిన దారినే తనూ వెళ్లాడు.

నా కారు బోల్టు ఆవేళ దొరకదని అర్థమైంది. ఊరడించాలనిపించి, ఆమె ఎదుట కూర్చుని, మీ బావ ఎంత బుర్ర లేని పని చేశాడు పిన్నీ అన్నాను.

గేజి నేలకేసి కొట్టింది.

“మా బావని అనడానికి నువ్వెవరు? తిట్టడానికి నేను లేనా? లే, వెలుతురుకి అడ్డం తప్పుకో.”