మేస్త్రీ కూతురు చెప్పిన అబద్ధం

మా రైల్వే ఊళ్ళోని ఖరిదా బజారులో గ్రీజు వాసన తగిలితే ఇప్పటికీ నాకు మూడో తరగతి గుర్తొస్తుంది.

మా నాన్న రైల్వే వర్క్‌షాపులో మేస్త్రీ. మాస్టర్ అనడానికి నోరు తిరగనివాళ్ళే మేస్త్రీ అంటారని తోటిపిల్లలు నవ్వేవారు. అందుకే కొత్తగా వచ్చిన ఇంగ్లీషు టీచరుతో మా నాన్న మాస్టరని చెప్పేశాను. ఆవిడ సంబరపడి, ఓసారి తీసుకురమ్మన్నారు.

నాన్న డ్యూటీ దిగి, గ్రీజు మరకల చొక్కాతోనే వచ్చాడు.

"మీరు ఏ స్కూల్లో మాస్టరండీ?" అని అడిగారు టీచర్.

"నాను వర్క్‌షాపులో మేస్త్రీనండి. మా పాప ఏటి సెప్పినాదండీ?"

టీచర్ నా ముఖం చూశారు.

"సరిగ్గానే చెప్పిందండీ. లాటిన్‌లో మగిస్తర్ అనే మాట ఉండేది. నడుమ 'గ' జారిపోయి, పోర్చుగీసువాళ్ళ నోట మెస్త్రె అయింది, ఇంగ్లీషులో మాస్టర్ అయింది. ఆ మెస్త్రే మన మేస్త్రీ."

"అయితే నానూ మాస్టర్నే!" అని నాన్న పకపకా నవ్వాడు. తన్నులు తప్పాయని ఊపిరి పీల్చుకున్నాను.

ఆయన పని చెప్పుకోవడానికి నేను సిగ్గుపడ్డానని నాన్నకు తెలియకుండా టీచర్ కాపాడారని పెద్దయ్యాకే అర్థమైంది.