తాతగారి అద్దం

న్యూజిలాండ్‌లో, పామర్‌స్టన్ నార్త్‌లోని ఆ పాత చర్చిలో ఇప్పటికీ చెక్క పాలిష్, పాత తోలు కలిసిన వాసన వస్తుంది. అది విల్‌ఫ్రెడ్ తాతగారు వాయించిన ఆర్గాన్ వాసన. అది ముక్కుకు తగిలితే చాలు, నాకు ఇవాళ్టికీ ఒళ్లు మండుతుంది.

ఆయన ఇంగ్లండ్‌లో ఒక కెథీడ్రల్‌లో, అంటే పెద్ద చర్చిలో, పాడే పిల్లల్లో ఒకరిగా చేరి, అక్కడి ఆర్గనిస్టు పక్కన నిలబడి స్వరాల పుస్తకం పేజీలు తిప్పుతూ పని నేర్చుకుని, చివరికి అదే బెంచీ మీద తల నెరిసేదాకా కూర్చున్న మనిషి. కూతురి దగ్గర ఉందామని ఇక్కడికి వచ్చారు. ఉదయం ఇంగ్లీషు ఆరాధన అప్పటికే గిటార్లకు మారిపోయింది. ఆర్గాన్‌కు మిగిలింది మధ్యాహ్నం మా తెలుగు ఆరాధన ఒక్కటే.

రెండు వేల పది దాటిన ఆ ఏళ్లలో, డిసెంబరు ఎండాకాలంలో, ఆంటీలు తెచ్చిన అరిసెల నెయ్యి వాసన, చెర్రీ పండ్ల వాసన చర్చి వెనక గదిని నింపేవి. నర్సుగా చేసే అమ్మ డ్యూటీ దిగి యూనిఫాం మీదే వచ్చేది. తాతగారు వీధి బూట్లు విడిచి, పల్చటి తోలు బూట్లు తొడుక్కుని, కింది పెడల్స్‌ను కాళ్లతో కూడా వాయిస్తుంటే బెంచీల కింద దాక్కున్న మా పిల్లల పొట్టల్లో నేల గుడగుడలాడేది.

మన ఆడవాళ్లు ప్రతి లైను చివరా సాగదీసి, నిండా ఊపిరి తీసుకుని గాని ముందుకు కదలరు. మొదట్లో ఆయన ముందుకు పరుగెత్తేవారు, వీళ్లు వెనకబడేవారు. తర్వాత ఆర్గాన్ పైనున్న చిన్న అద్దంలో, తన వెనక పాడుతున్న అమ్మ భుజాలు చూస్తూ, అవి పైకి లేచాకే తర్వాతి లైను అందుకునేవారు. ఒక్క తెలుగు ముక్క రాకపోయినా.

అలాంటి మనిషిని దింపేసింది మన కమిటీయే. క్రిస్మస్ ముందు ఆదివారం ఆయన బూట్లు మార్చుకుంటుండగా, కమిటీ పెద్ద జాన్సన్ అంకుల్ కొత్త కీబోర్డు తెచ్చి ఆర్గాన్ ముందే పెట్టించారు. ఇక రెస్ట్ తీసుకోమని ఆయనకు ఇంగ్లీషులో చెప్పారు.

అమ్మ ఊరుకోలేదు. "అదేంటన్నయ్యా, మేం ఊపిరి తీసుకునేది ఆ పెట్టెకి కనపడుద్దా?"

"నువ్వు మరీనూ, చెల్లెమ్మా! బీట్ లేకపోతే పిల్లలు బోర్ అంటన్నారు."

మేమెవరమూ అనలేదు. మమ్మల్ని ఎవరూ అడగనే లేదు.

తాతగారు ఆర్గాన్ మూత దించి, అమ్మ పక్కన వచ్చి కూర్చున్నారు. పాట మొదలైంది. అమ్మ లైను చివర సాగదీసింది. కీబోర్డు ఆగకుండా వెళ్లిపోయింది. ఆయన తల వంచుకున్నారు. ఆ తర్వాతి ఆదివారం నుంచి ఆయన రాలేదు.

మొన్న వెళ్లినప్పుడు ఆయన కాళ్లు ఆడిన చోట స్పీకరు పెట్టి ఉంది. తోలు బూట్లు దాని వెనక దుమ్ములో ఉన్నాయి. అద్దాన్ని మాత్రం ఎవరూ తీయలేదు. పాట సాగుతుండగా అందులోకి చూశాను. అమ్మ బీట్‌తోపాటు పరుగెడుతోంది. లైను అయిపోయింది, ఇంకో లైను అయిపోయింది. ఆమె భుజాలు ఒక్కసారీ పైకి లేవలేదు.