లేని కుర్చీ మీద రుమాలు

ఇరవయ్యేళ్ళు మా తెలుగు సంఘం హాలుకి వెళ్ళాను గానీ, దానికి మెట్లున్నాయని నాకు తెలీదు. తొంభైల మధ్యలో మా బావ చక్రాల కుర్చీలో కూర్చున్నాకే అవి మొలిచాయి. లెక్కపెడితే అయిదు, ఒక్కొక్కటి ఏడంగుళాలు. బావ పక్కన నిలబడి చూస్తే మాత్రం మా ప్లాంటు చిమ్నీ కూడా వాటి ముందు పొట్టిదే.

బావంటే మా అక్క భర్త. స్టీల్ ప్లాంటు లోపల తిరిగే రైలింజను నడిపేవాడు. ఊరి బయట ఉతై రోడ్డు మీద స్కూటరు జారి నడుము దెబ్బతిన్నాక ఆయన కాళ్ళు మాట వినడం మానేశాయి. ఆ ఏడాది మా తెలుగువాళ్ళ నాటకానికి, ప్లాంటులో బరువులెత్తే ఖలాసీలు నలుగురు ఆయన్ని కుర్చీతో సహా ఎత్తి లోపలికి పట్టుకెళ్ళారు. ఎత్తడం వాళ్ళకి వెన్నతో పెట్టిన విద్య. ఒకాయన ముందు నడుస్తూ, క్రేను డ్రైవరుకి చూపించినట్టు చేతులతో సైగలు కూడా చేశాడు. హాలంతా నాటకం మానేసి ఇటే చూసింది.

ఇంటికొచ్చాక బావ ఒక్క మాటే అన్నాడు. "నాను మనిసినా, ఇనప దిమ్మనా?"

తర్వాత రెండేళ్ళు ఆయన అటు వెళ్ళలేదు. నాటకం చూసొచ్చి ఆయనకి చెప్పే పని నాకు పడింది. ఉన్నదున్నట్టు చెబితే పావుగంటలో అయిపోయేది. అందుకని కాస్త పెంచేవాణ్ణి. రెండో ఏడు స్టేజీ మీదకి ఏనుగొచ్చిందని కూడా చెప్పాను.

మూడో ఏడు బావ కూతురికి, మా పన్నెండేళ్ళ మేనకోడలికి, నాటకంలో ఒక పద్యం ఇచ్చారు. ఈ హిందీ ఊళ్ళోనే పుట్టిన పిల్ల, తెలుగు మాట్లాడుతుంది గానీ చదవడం రాదు. పద్యాన్ని హిందీ అక్షరాల్లో రాసుకుంటే, బావ నెల రోజులు కూర్చోబెట్టి నోటికి పట్టించాడు. ఇప్పుడాయనకి ఆ పద్యం స్టేజీ మీద వినాలనుంది.

"వొస్తాను. గానీ ఎవులైనా నా కుర్చీ మీద సెయ్యేసినారంటే ఎనక్కి ఎలిపోతాను" అన్నాడు.

ఈ కబురు ఆ నలుగురు ఖలాసీలకీ అందింది. మళ్ళీ ఏం ముంచుకొస్తుందోనని నేను చూస్తుండగానే, పాత సామాన్ల కబాడీ కొట్లో తొమ్మిదడుగుల ఇనప రేకు కొన్నారు. అర అంగుళం మందం. దాని మీద బావే కాదు, బావ నడిపిన ఇంజను కూడా ఎక్కొచ్చు. దాన్ని మోసుకొచ్చి మెట్ల మీద వాల్చేసరికి పదహారుమంది చెమటలు కక్కారు. ఒక మనిషిని ఎత్తడానికి నలుగురు చాలు, ఎత్తకుండా ఉండడానికి ఇంతమంది కావలసొచ్చారు.

బావ వచ్చి చూశాడు. రేకుని కింది కొస నుంచి పై కొస దాకా కళ్ళతోనే కొలిచాడు.

"వందడుగులకి ఒక్కడుగు లేస్తేనే మా ఇంజను మూలుగుద్ది. మీరు నన్ను మూడుకి ఒకటి ఎక్కిస్తారేటి?"

"గట్టిగుంది గదా భయ్యా" అన్నాడు సైగల పెద్దమనిషి, చిన్నబోయి.

"గట్టిగానే ఉంది. జారితే నా నడుం కూడా గట్టిగానే ఇరుగుద్ది."

అప్పటిదాకా ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదని మాకు తట్టింది. సుద్దముక్క ఇచ్చాం. సైకిల్ స్టాండు దగ్గర్నుంచి గోడవారగా వరండా చివరిదాకా గీత గీశాడు. ముప్పయ్యయిదు అడుగులు. ఇటుకలు పేర్చి, ఇసక పోసి, పైన పందిరి చెక్కలు పరిచాం. ఇనప రేకు టీ కొట్టాయన బల్లగా స్థిరపడింది.

ఆదివారం సాయంత్రం నాటకం. బావ చెక్కల మీదకి ఎక్కాడు. సగం దూరంలో ఆగి రొప్పాడు. నాతో సహా యాభై చేతులు ముందుకి లేచాయి. ఖలాసీ గొంతొకటి గట్టిగా అరిచింది. "ఎవులూ ముట్టుకోకండి." యాభై చేతులూ జేబుల్లోకి పోయాయి. బావ మళ్ళీ చక్రాలు తిప్పాడు. వరండా ఎక్కాక టోపీ సర్దుకున్నాడు.

ఇంక మిగిలింది చోటు. మా హాల్లో రుమాలు వేసిన కుర్చీని కలెక్టరొచ్చినా ముట్టుకోడు. అక్క మిట్టమధ్యాహ్నమే వెళ్ళి, మూడో వరస చివర రెండు కుర్చీలు తీయించి, ఖాళీ నేల మీద రుమాలు పరిచింది. లావుపాటి ఆసామి ఒకాయన తన కుర్చీ మోసుకొచ్చి, రుమాలు చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు.

"ఏటి దీదీ, ఇక్కడ కుర్చీ ఏదీ?"

"ఆయన కూకునే వొస్తారు."

ఆసామి తన కుర్చీని గౌరవంగా వెనక్కి పట్టుకెళ్ళాడు. బావ వచ్చి రుమాలు తీసి మడిచి జేబులో పెట్టుకుని, ఆ నేల మీద తన చక్రాల కుర్చీ నిలిపాడు.

పిల్ల స్టేజీ మీదకొచ్చి తండ్రిని చూసి బిగుసుకుపోయింది. బావ నెమ్మదిగా చెయ్యెత్తి, బండి కదలమని పచ్చజెండా ఊపినట్టు ఊపాడు. పద్యం కదిలింది. రెండో పాదంలో ఒకచోట కుదుపొచ్చింది గానీ పట్టాలు తప్పలేదు.

తెర పడ్డాక బావ తనంతట తనే దిగి, సైకిల్ స్టాండు దగ్గర నాకోసం ఆగాడు. కళ్ళు తడిగా ఉన్నాయి. పద్యం గురించి మాట్లాడతాడనుకున్నాను.

"బావమరిదీ, ఆ స్టేజీ నాలుగ్గజాలు లేదు. ఏనుగెక్కడ నిలబడిందిరా?"

ఆ ఏటి నుంచి నాటకాలు బావే వచ్చి చూసుకున్నాడు, నా ఏనుగు కబుర్లు వినేవాడు లేకుండా పోయాడు.